కంచె అవతలి వాళ్లకి కనబడాలని

దక్షిణ ఇజ్రాయెల్‌లో, గాజా సరిహద్దుకి దగ్గర్లో కఫర్ అజా అనే ఊరుంది. అలాంటి ఊళ్లని కిబుట్జ్ అంటారు. పొలాలూ, పనిముట్లూ, వచ్చే ఆదాయమూ ఊరందరివీ అన్న పద్ధతిలో మొదలైన ఉమ్మడి పల్లెలవి. కఫర్ అజా 1951లో వెలిసింది. పొలం గట్టున నిలబడితే కంచె అవతల గాజా ఇళ్లు కనిపిస్తాయి. రాకెట్ వస్తోందని సైరన్ మోగాక గట్టి గదిలోకి పరుగెత్తడానికి ఆ ఊరివాళ్లకి దొరికేది పదిహేను సెకన్లు, ఒక్కోసారి అదీ ఉండదు. అలాంటి ఊళ్లో ఏటా గాలిపటాల పండగ చేసుకునేవాళ్లు. ఇళ్లల్లో పిల్లలూ పెద్దలూ కూర్చుని గాలిపటాలు చేసి, వాటి మీద శాంతి కోరే మాటలు రాసి, కంచె వైపు మైదానంలోకి వెళ్లి ఎగరేసేవాళ్లు. మేమిక్కడ ఉన్నాం, మీతో తగువు లేకుండా బతకాలని ఉంది, ఈ సంగతి మీకు తెలియాలి అన్నది ఆ పండగ ఉద్దేశం.

2023లో ఆ పండగకి అనుకున్న రోజు అక్టోబరు 7. శనివారం, వాళ్లకి విశ్రాంతి దినం. పైగా ఆరోజు సిమ్‌ఖత్ తోరా. ఏడాది పొడవునా వారం వారం చదువుకుంటూ వచ్చిన తోరాని ముగించి, అదే రోజు మళ్లీ మొదటి అధ్యాయం ఎత్తుకుని, పవిత్ర గ్రంథాన్ని చేతుల్లో పట్టుకుని నాట్యం చేసే పండగ. ఉదయం ఆరున్నరకి రాకెట్లు మొదలయ్యాయి. హమాస్ సాయుధులు కంచె తెంచుకుని ఊళ్లోకి వచ్చారు. కఫర్ అజా ఒక్కదానిలోనే అరవై మందికి పైగా చనిపోయారు. మరికొందరిని బందీలుగా గాజాకి ఎత్తుకుపోయారు. ఏటా గాలిపటాల పండగ ఏర్పాట్లన్నీ భుజాన వేసుకునే కుటుంబం ఒకటుంది. తల్లీ, తండ్రీ, ముగ్గురు పిల్లలూ. వాళ్లు అయిదుగురూ ఒకే మంచం మీద, తండ్రి చేతులు మిగిలినవాళ్ల చుట్టూ వేసి ఉండగా, చనిపోయి కనబడ్డారు. ఆ మధ్యాహ్నం ఎగరేయడానికి గాలిపటాలు సిద్ధం చేసుకున్న ఇల్లది.

ఆ తర్వాత చాలాచోట్ల యూదు కుటుంబాలు ఆ అయిదుగురిని తలుచుకుంటూ గాలిపటాలు చేయడానికి కూర్చున్నాయి. బడుల్లో, ప్రార్థనామందిరాల్లో, ఇళ్లల్లో వంటింటి బల్లల మీద. నాకు యూదు మతంతో బంధుత్వం లేదు. ఆ దేశంతో పనీ లేదు. హైదరాబాదులో ఉంటాను, సంక్రాంతికి డాబాలన్నీ గాలిపటాలతో నిండే ఊళ్లో పెరిగాను. అయినా ఆ వార్త చదివినప్పటి నుంచీ నా బుర్రలో ఒక ప్రశ్న ఉండిపోయింది. అంత పెద్ద దుఃఖానికి జవాబుగా కాగితమూ, పుల్లలూ, దారమూ ఎందుకు తీసుకున్నారు?

చనిపోయినవాళ్ల కోసం చేయాల్సిన పనులకి యూదులకి కొదవ లేదు. ఏటా ఆ మనిషి పోయిన తిథి నాడు ఇరవైనాలుగు గంటలు వెలిగే దీపం పెడతారు. దగ్గరివాళ్లు పోతే ఏడురోజులు ఇంట్లోనే, ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు. దాన్ని షివా అంటారు. ఖననం అయ్యి ఇంటికి వచ్చాక తినే మొదటి భోజనం ఆ ఇంటిది కాకూడదు. ఇరుగుపొరుగు తెచ్చి పెట్టాల్సిందే. గుడ్లో, పప్పుధాన్యమో, గుండ్రంగా ఉండేవి ఉండాలంటారు. చావు ఇంట పొయ్యి వెలిగించరని మన ఊళ్లల్లో పక్కింటివాళ్లు చారూ అన్నమూ గిన్నెల్లో పట్టుకొచ్చే ఆచారం తెలిసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. పొరుగువాడి బాధకి పూచీ నీది అని తాల్ముద్ అనే ధర్మగ్రంథం నాటి నుంచీ వాళ్ల నమ్మకం. ఆ పొరుగు ఎంత దూరమైనా సాగుతుంది. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. తెలుగు మాట్లాడుతూ, శుక్రవారం సాయంత్రం విశ్రాంతి దినానికి దీపాలు వెలిగించే యూదులు వాళ్లు. 1990ల తొలినాళ్లలో ప్రార్థనామందిరం కట్టుకున్నారు. కఫర్ అజా పేరు వాళ్లకి మన పేపర్లో వచ్చిన విదేశీ వార్త ఒక్కటే అయి ఉండదు.

అయితే దీపం, పీట, భోజనం ఇవన్నీ ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేవి. పోయినవాళ్ల కోసం, వాళ్లని పోగొట్టుకున్నవాళ్ల కోసం. గాలిపటం ఇంట్లో ఎగరదు. దానికి ఆకాశం కావాలి. ఆకాశంలోకి వెళ్లాక దాన్ని ఎవరైనా చూడొచ్చు. కఫర్ అజా పండగ అంతా ఆ ఒక్క గుణం మీదే నడిచింది.

ఆ ప్రాంతంలో పిల్లలు తరతరాలుగా చేసుకునే గాలిపటం మన పతంగిలా ఉండదు. ఆరు మూలలుంటుంది. మూడు పుల్లలు నడిమిన కలుస్తాయి. కిందటి సంక్రాంతి ముందు మా అమ్మాయీ నేనూ కూర్చుని ఒకటి చేశాం. ఆ పని వివరంగా చెప్పాలనిపిస్తోంది. ఎందుకంటే చేతులు ఆ పనిలో పడ్డాకే నాకు కొన్ని సంగతులు తెలిశాయి.

రెండేసి అడుగుల వెదురు పుల్లలు మూడు తీసుకున్నాం. పేళ్లు చేతికి గుచ్చుకోకుండా ఉప్పుకాగితంతో రుద్దాం. సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, మూడింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, దారంతో అడ్డంగా, నిలువుగా, మూలవాటంగా చుట్టాం. ఇప్పుడు పుల్లల్ని విప్పి ఆరు కొసలూ సమాన దూరంలో నిలపాలి. ‘సమానంగా ఉన్నాయని ఎలా తెలుస్తుందమ్మా?’ అంది మా అమ్మాయి. దానికి లెక్కల పుస్తకంలో జవాబు ఉంది. ఆరు సమాన భుజాలున్న ఆకారంలో నడిమి నుంచి మూలకి ఎంత దూరమో, మూల నుంచి పక్క మూలకి అంతే దూరం. మా పుల్లలకి అది సరిగ్గా అడుగు. మా అమ్మాయి ఒక దారాన్ని అడుగు పొడవు తెంపుకుని, కొస నుంచి కొసకి పెట్టి చూసుకుంటూ చుట్టూ తిరిగింది. చివరి సందు వేలెడు తక్కువొచ్చింది. పుల్లల్ని మళ్లీ కదిపింది. మళ్లీ కొలిచింది. చదువు మీద లేని ఓపిక దారం మీద ఎక్కడి నుంచి వచ్చిందో!

కొసల్లో బ్లేడుతో గాట్లు పెట్టి, చుట్టూ దారం లాగి బిగించాం. ఆ చట్రం బల్ల మీద ఉండగా మా అమ్మాయి వేలితో ఒక మూల వదిలి ఒక మూలని కలుపుకుంటూ పోయింది. ఒక త్రికోణం వచ్చింది. మిగిలిన మూడు మూలల్ని కలిపితే తలకిందులుగా ఇంకోటి. రెండూ కలిసి దావీదు నక్షత్రం. ఆ నక్షత్రాన్ని ఎవరూ అందులో పెట్టలేదు. మూడు పుల్లలు సమానంగా కలిస్తే అది దానంతటదే అక్కడుంటుంది. ఇదే చట్రం కంచెకి అవతల, గాజాలో పిల్లలు చేసే గాలిపటానిదీ. అక్కడ వెదురు దొరక్కపోతే రెల్లు, రంగుకాగితం దొరక్కపోతే పాత పేపరూ ప్లాస్టిక్ సంచీ.

కాగితాన్ని చట్రం కన్నా రెండు వేళ్లు ఎక్కువ ఉండేలా కోసి, అంచుల్ని దారం మీదుగా మడిచి, ఉడికించిన మైదా జిగురుతో అతికించాం. రాత్రంతా ఆరింది. మర్నాడు సూత్రం కట్టాం. పై రెండు మూలల నుంచి రెండు దారాలు, నడిమి ముడి నుంచి ఒకటి, మూడూ కలిసేచోట ఎగరేసే దారం. ఆ ముడి ఎక్కడ పడుతుందన్న దాని మీదే గాలిపటం గాలికి ఎంత వాలి నిలబడుతుందో ఆధారపడి ఉంటుంది. కింది రెండు మూలల నుంచి వేలాడేలా తోక. మన పతంగికి తోక అక్కర్లేదు, దాని వంగిన అడ్డపుల్లే దాన్ని నిలబెడుతుంది. ఈ ఆరుమూలల పటం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి తోక లేకపోతే గిరగిరా తిరిగి నేల కరుస్తుంది. పాత నూలుచీర చింపి పీలికలు ముడివేశాం. గాలిపటం పొడవుకి అయిదారింతలు ఉంటేగాని అది స్థిమితపడలేదు.

డాబా మీద నేను దారం పట్టుకున్నాను. మా అమ్మాయి గాలిపటాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని దూరంగా నడిచింది. గాలికి ఎదురుగా నిలబెట్టి, నేను పిలిచినప్పుడు వదిలింది. ఒక్కరే ఎగరేయలేరని కాదు. కానీ మొదటిసారి లేపేటప్పుడు రెండో మనిషి ఉంటే ఆ తేడా వేరు. కుటుంబాలు ఈ పనిని ఎందుకు ఎంచుకున్నాయో నాకు అప్పుడు కొంత తెలిసింది. ఇందులో ఎవరికీ ఖాళీగా కూర్చునే భాగం లేదు. పుల్ల పట్టుకునే చెయ్యి, ముడి మీద వేలు పెట్టి అదిమే చెయ్యి, జిగురు రాసే చెయ్యి. దుఃఖంలో ఉన్న ఇంట్లో పిల్లలకి ఏం చెప్పాలో పెద్దలకి తెలియదు. పెద్దల్ని ఏం అడగాలో పిల్లలకి తెలియదు. ‘ఆ కొస కాస్త పట్టుకో’ అని మాత్రం ఎవరైనా ఎవరితోనైనా అనగలరు.

యూదుల ఇళ్లల్లో కాగితం పని కొత్తగా వచ్చింది కాదు. శరదృతువులో సుక్కోత్ పండగకి పెరట్లోనో, బాల్కనీలోనో తాత్కాలికంగా పందిరి వేస్తారు. ఈజిప్టు నుంచి బయటపడి ఎడారిలో తిరిగిన పూర్వీకుల గుడారాలకి గుర్తు అది. పైకప్పు కొమ్మలూ ఆకులతో వేయాలి, రాత్రిపూట సందుల్లోంచి నక్షత్రాలు కనబడాలి. పిల్లలు రంగుకాగితాల గొలుసులు, కాగితపు పళ్లు చేసి ఆ పందిట్లో వేలాడదీస్తారు. వారం రోజులు అందులోనే తింటారు, ఆ తర్వాత విప్పేస్తారు. ఆ అక్టోబరు 7, పందిళ్లు విప్పే రోజులకి ఆనుకునే వచ్చింది. తూర్పు ఐరోపా యూదులు ఒకప్పుడు షవువోత్ పండగకి కాగితం మడిచి, చాకుతో సన్నగా చెక్కి, పువ్వులూ జంతువులూ విచ్చుకునేలా చేసి కిటికీ అద్దాలకి అతికించేవాళ్లు. వెండీ బంగారమూ కొనలేని ఇళ్లల్లో కాగితమూ చాకూ ఉండేవి. దేవుడు చెప్పిన పని చేయడంతో సరిపెట్టుకోకుండా దాన్ని అందంగా చేయాలన్న పట్టింపు వాళ్ల మతంలో చాలా పాతది. ఆ పట్టింపుని పేదింట్లో నిలబెట్టింది కాగితమే.

కాగితం మీద వాళ్లకున్న ఈ నమ్మకానికి ఇంకా కఠినమైన పరీక్ష టెరెజిన్‌లో జరిగింది. చెక్ దేశంలో నాజీలు యూదుల్ని కుక్కిన కోట పట్నం అది. ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణిని 1942 డిసెంబరులో అక్కడికి పంపారు. వైమార్‌లో బౌహౌస్ కళాశాలలో చదువుకున్న మనిషి. తనతో తెచ్చుకోనిచ్చిన కొద్దిపాటి సామానులో బొమ్మలకి పనికొచ్చే వస్తువులు సర్దుకుని వెళ్లిందామె. అక్కడ పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు వేయించింది. తెల్లకాగితం ఎక్కడిది? ఆఫీసు ఫారాలు, వాడిన కాగితాల వెనకవైపు, చింపి అతికించడానికి చిత్తుకాగితాలు. ప్రతి పిల్లా పిల్లవాడూ తన బొమ్మ మీద తన పేరు రాయాలన్నది ఆమె పట్టుదల. మనుషులకి నంబర్లు వేసి రైళ్లెక్కిస్తున్న చోట పేరు రాయించడం. 1944 అక్టోబరులో ఆమెని ఆష్విట్జ్‌కి పంపి చంపేశారు. వెళ్లేముందు దాదాపు నాలుగున్నర వేల బొమ్మల్ని రెండు సూట్‌కేసుల్లో సర్ది దాచింది. అవి బతికి బయటపడ్డాయి. ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయిప్పుడు. వేసిన పిల్లల్లో అత్యధికులు తిరిగి రాలేదు. ఆ బొమ్మల్ని తలుచుకున్నప్పుడల్లా ఆశ అనే దాన్ని గురించి నా ఆలోచన మారుతుంది. మనసులో ఆశ ఉంటేనే చేతులు కదులుతాయని అనుకునేదాన్ని. టెరెజిన్ పిల్లల మనసుల్లో ఏముందో ఎవరు చెప్పగలరు? చేతులు మాత్రం కదిలాయి. చేతులు కదిలిన ఆ గంటసేపూ వాళ్లు ఆ పట్నంలో పూర్తిగా లేరు.

గాలిపటాన్నే తీసుకుని ఈ సంగతి రాసినవాడు రొమైన్ గారీ. 1914లో విల్నాలో యూదు కుటుంబంలో పుట్టాడు. తల్లితో ఫ్రాన్సు చేరాడు. యుద్ధంలో స్వతంత్ర ఫ్రాన్సు వైమానిక దళంలో పనిచేశాడు. ఇంటిని వదిలి వేరే కాపురం పెట్టుకున్న తండ్రీ, ఆ రెండో కుటుంబమూ హోలోకాస్ట్‌లో హతమయ్యారు. గారీ బతికుండగా అచ్చయిన చివరి నవల, 1980లో వచ్చింది, పేరే ‘గాలిపటాలు’. అందులో ఆంబ్రోయిజ్ ఫ్లూరీ అని నార్మండీ పల్లెలో పోస్టుమాన్. ఊళ్లో అందరూ పిచ్చివాడంటారు. గాలిపటాలు చేయడమే అతని జీవితం. ఫ్రాన్సు గర్వపడే మనుషుల రూపాలన్నీ, రచయితలూ తత్వవేత్తలూ, అతని చేతిలో కాగితమూ గుడ్డా అయి పైకి లేస్తాయి. 1942 జూన్ నుంచి ఆక్రమిత ఫ్రాన్సులో యూదులు పసుపు నక్షత్రం కుట్టుకోవాలని ఆజ్ఞ. జులై 16, 17 తేదీల్లో ఫ్రెంచి పోలీసులే పారిస్‌లో పదమూడు వేలమందికి పైగా యూదుల్ని పట్టుకున్నారు. అందులో నాలుగువేలమందికి పైగా పిల్లలు. చాలామందిని శీతాకాలపు సైకిల్ పందేల స్టేడియంలో కుక్కారు. ఇదంతా చరిత్ర. నవలలో ఆ వార్త విన్న ఆంబ్రోయిజ్, యూదుడు కాని ఆ పోస్టుమాన్, పసుపు నక్షత్రాల ఆకారంలో గాలిపటాలు చేసి ఊరి మీద ఎగరేస్తాడు.

ఎదుటివాడిని అవమానించడానికి అతని గుండె మీద కుట్టించిన గుర్తుని, ఆ అవమానంలో భాగం లేని మనిషి తీసుకుని, అందరూ తలెత్తి చూసేచోట పెట్టాడు. సంఘీభావం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి చిత్రం నాకు దొరకలేదు. దాని మూల్యం అతను చెల్లించాడు. ఆ తర్వాత యూదు పిల్లలకి సాయపడటానికి ల షాంబోన్ వెళతాడు, శిబిరాల పాలవుతాడు, యుద్ధం ముగిశాక తిరిగొస్తాడు. ల షాంబోన్ నిజంగా ఉన్న ఊరే. దక్షిణ ఫ్రాన్సు పీఠభూమి మీద ప్రొటెస్టెంట్ల పల్లె. ఆంద్రే త్రోక్మే, ఎదువార్ తీస్ అనే పాస్టర్లు ముందు నిలబడగా ఆ ఊరూ చుట్టుపక్కల పల్లెలూ వేలమందికి ఆశ్రయమిచ్చాయి. అందులో చాలామంది యూదు పిల్లలు. ఒకప్పుడు తమ పూర్వీకులు మతం కోసం వేటాడబడ్డ సంగతి ఆ ఊరివాళ్లు మర్చిపోలేదు. 1990లో ఇజ్రాయెల్ స్మారక సంస్థ యాద్ వాషెమ్ ఆ ఊరినంతటినీ గౌరవించింది. గారీ తన నవలని ముగించింది కూడా త్రోక్మే పేరుతో, ఆ ఊరి పేరుతో.

ఇక్కడివరకూ వచ్చాక కంచె అవతలి సంగతి రాయకుండా ఉండలేను. గాజా పిల్లలకి గాలిపటాలు మనకి సంక్రాంతికి ఉన్నంత దగ్గర. వేసవి సెలవుల్లో సముద్రపు ఒడ్డున ఎగరేస్తారు. 2011 జులైలో ఉత్తర గాజా తీరంలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ నడిపిన వేసవి శిబిరాల పిల్లలు ఒకేసారి 12,350 గాలిపటాలు ఎగరేసి ప్రపంచ రికార్డు పెట్టారు. అదే ఏడాది మార్చి 11న జపాన్‌లో భూకంపమూ సునామీ వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లపాటు మార్చి నెలలో గాజాలోని ఖాన్ యూనిస్‌లో పిల్లలు జపాన్ బాధితుల కోసం గాలిపటాలు ఎగరేశారు. తాము ఎన్నడూ చూడని దేశంలో, తమకన్నా ఎంతో సంపన్నమైన దేశంలో, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల కోసం. ఆంబ్రోయిజ్ ఫ్లూరీ నవలలో చేసినదాన్ని వాళ్లు నిజంగా చేశారు.

2018లో అదే గాజా నుంచి నిప్పంటించిన గుడ్డలు తోకకి కట్టుకుని గాలిపటాలు కంచె దాటాయి. కిబుట్జ్‌ల గోధుమ పొలాలు కాలాయి, చెట్లు కాలాయి. గాలికి ఏమీ తెలియదు, దాని మీద శాంతి మాట వెళ్లగలదు, నిప్పూ వెళ్లగలదు. అలా కాలిన పొలాల పక్కనే నిలబడి కఫర్ అజా వాళ్లు తమ గాలిపటాలు ఎగరేశారు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించే విషయం. వాళ్లు అమాయకులు కారు. కంచె అవతలి నుంచి ఏం రాగలదో పదిహేను సెకన్ల చొప్పున లెక్కపెట్టుకున్నవాళ్లు.

ఆ అక్టోబరు తర్వాత గాజా మీద జరిగిన యుద్ధంలో పదుల వేలమంది చనిపోయారు. పిల్లలు ఎంతోమంది. 2023 డిసెంబరులో వైమానిక దాడిలో చనిపోయినవాళ్లలో రెఫాత్ అలరీర్ అనే ఇంగ్లిష్ ప్రొఫెసరు ఒకరు. తాను చనిపోతే ఏం చేయాలో చెబుతూ ఆయన అంతకుముందెప్పుడో రాసుకున్న ఇంగ్లిష్ కవిత ఒకటి, అందులో ఉన్నదీ గాలిపటమే, ఆయన మరణం తర్వాత ప్రపంచమంతా ఎన్నెన్నో భాషల్లో చదువుకుంది. కఫర్ అజా కుటుంబానికీ ఆయనకీ పరిచయం లేదు. ఉంటే ఒకరి మాట ఒకరు ఒప్పుకునేవాళ్లని కూడా నేను అనను. కానీ తండ్రి చేతుల్లో చనిపోయిన ముగ్గురు పిల్లల్ని తలుచుకోవడానికి గాలిపటం చేసే ఇల్లూ, గాజాలో చనిపోయిన పిల్లల కోసం గాలిపటం చేసే ఇల్లూ ఒకే మూడు పుల్లలు కట్టుకుంటున్నాయి. రెండిటినీ తూకం వేసి సమానమని చెప్పడం నా పని కాదు. ఒక దుఃఖాన్ని తలుచుకోవాలంటే రెండోదాన్ని కాదనాలన్న షరతుని మాత్రం నేను ఒప్పుకోలేను.

నాకు అర్థమైనంతలో ఆ పండగ వారసత్వంలో బరువైన భాగం ఇదే. ఆ కుటుంబం గాలిపటాలు తమ ఊరివాళ్లకి ధైర్యం చెప్పడానికి ఒక్కదానికే ఎగరలేదు. వాటికొక చిరునామా ఉంది, అది కంచె అవతల ఉంది. ఇవాళ లండన్‌లోనో, న్యూయార్క్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఒక తల్లి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల పేరున గాలిపటం కడితే, ఆమె తనవాళ్ల పట్ల ప్రేమతో కడుతుంది. కట్టాలి కూడా. సంఘీభావం మొదట ఇంటి నుంచే మొదలవుతుంది. కానీ ఆ చిరునామా కూడా దాంతోపాటే వస్తుంది. దుఃఖంలో ఉన్న మనిషిని అంత పెద్ద మనసు చేసుకోమని అడగడం అన్యాయం అనిపించొచ్చు. నేనైతే దూరం నుంచి అడిగే సాహసం చేయను. ఆ అయిదుగురూ బతికున్నప్పుడు తమంతట తాము చేసిన పనిని మాత్రం గుర్తుచేస్తాను.

మన దగ్గర గాలిపటం ఎగరేయడమంటే ఎదుటివాడి దారం తెంపడం, పేంచీ వేయడం. అందులో ఉన్న ఉత్సాహాన్ని నేను కాదనను. చిన్నప్పుడు డాబా మీద నిలబడి గొంతు పోయేలా అరిచినదాన్నే. గాజుపొడి పూసిన మాంజా వల్ల పక్షులూ మోటార్‌సైకిళ్ల మీద వెళ్లేవాళ్లూ గాయపడుతున్నారు, ఆ సంగతి ఏటా చూస్తూనే ఉన్నాం. మామూలు నూలు దారంతో ఎగిరే ఆరుమూలల గాలిపటానికి ఆ పోటీ చేతకాదు. బరువైనది, నెమ్మదైనది, ఒకచోట నిలబడి ఉంటుంది. నేను పుల్లల కోసం ధూల్‌పేటకి వెళ్లినప్పుడు అక్కడ తరతరాలుగా పతంగులు చేస్తున్న ఒకాయన నా కాగితం మీది బొమ్మ చూసి, ‘మేడమ్, ఇది పేంచీకి పనికిరాదు’ అన్నాడు. పేంచీకి కాదు భయ్యా, ఊరికే ఎగరడానికి అన్నాను. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, పుల్లలు మూడూ ఒకే బరువుండాలి, లేకపోతే ఒక పక్కకి లాగుతుంది అని చెప్పి, కట్టలోంచి ఒక్కొక్కటే వేలి మీద ఆనించి తూచి మూడు ఏరి ఇచ్చాడు. పాతబస్తీలో పతంగులు చేసే ఆ మనిషికి కఫర్ అజా గురించి నేనేమీ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది అని తర్వాత అనిపించింది. పనివాడికి పని గురించి చెబితే వెంటనే అర్థమవుతుంది.

ఈసారి చెప్పాలి. మా అమ్మాయి క్లాసు పిల్లలు నలుగురు కూడా సంక్రాంతికి ఆరుమూలల గాలిపటం చేస్తామన్నారు. అంటే పన్నెండు పుల్లలు కావాలి, అన్నీ ఒకే బరువువి. వాటి మీద ఏం రాయాలన్న దగ్గర మాత్రం ఇంకా తగువు తెగలేదు. ఒకళ్లు ఆ ముగ్గురు పిల్లల పేర్లు రాయాలంటారు. ఇంకొకళ్లు గాజా పిల్లల పేర్లు కూడా అంటారు. మా అమ్మాయి పేర్లు వద్దంటోంది. కింద నిలబడినవాళ్లకి అంత చిన్న అక్షరాలు కనబడవుట, రెండడుగుల కాగితం మీద మూడు నాలుగు అక్షరాలకి మించి రాస్తే ఎవరికీ అందదుట. ఆ మూడు నాలుగు అక్షరాలు ఏమిటో వచ్చే శనివారం లోపు వాళ్లే తేల్చుకోమన్నాను. జిగురు ఉడికించే పని నాది.